వరంగల్‌లో చిన్న వ్యాపారానికి దొరికే సాయం: ఏది అక్కరకొచ్చింది, ఏది తిప్పించింది

తేలిన మాట ముందే చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదవండి. మన వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్లకి సర్కారు తరఫున, బ్యాంకుల తరఫున దొరికే సాయం తక్కువేమీ కాదు. కానీ మనలో చాలామంది సబ్సిడీ అనే ఒక్క మాట పట్టుకుని బయల్దేరతారు, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అక్కడే అలిసిపోతారు. నా విషయంలో సబ్సిడీ అన్నిటికన్నా చివరన వచ్చింది, వచ్చింది కూడా నా చేతికి రాలేదు, ఎందుకో కింద చెప్తాను. నన్ను నిజంగా నిలబెట్టినవి రెండు. పైసా తీసుకోకుండా పని నేర్పిన శిక్షణ ఒకటి, అక్కడ కలిసిన మనుషులు ఇంకోటి.

నాది పిండివంటల పని. సకినాలు, గర్జెలు, మురుకులు, వాటితోపాటు కరప్పొడి, నువ్వుల పొడి. వర్ధన్నపేట వైపు మా ఊళ్లో రేకుల షెడ్డు, నాతోపాటు ఇంకో ఐదుగురు ఆడవాళ్లు చేస్తారు, అమ్మకం మాత్రం హనుమకొండ, వరంగల్, కాజీపేట దుకాణాల్లో, ఇంకా హైదరాబాద్‌లో ఉంటున్న మనవాళ్ల ఇళ్లకి. సకినాల సంగతి ఈ వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు కానీ బయటివాళ్లు కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నా. బియ్యం రాత్రి నానబోసి, పొద్దున వడగట్టి, తడి ఆరకముందే గిర్నిలో పట్టించి జల్లించాలి. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపి, శుభ్రమైన గుడ్డ మీద వేళ్లతో సన్నగా మెలిపెడుతూ వలయాలు వలయాలుగా చుట్టాలి. చుట్టాక గుడ్డ ఆ తడిని పీల్చుకునేదాకా ఆగాలి, తొందరపడి లేపితే విరిగిపోతాయి. ఇందులో మిషను చేసే పని తక్కువ, చేతులు చేసే పని ఎక్కువ. అంటే యంత్రాల మీద పెట్టే డబ్బు కంటే కూలి ఖర్చే ఎక్కువ, ఈ ఒక్క ముక్క బ్యాంకులో సారుకి అర్థం చేయించడానికే నాకు చాలా కాలం పట్టింది.

ముందు శిక్షణ గురించి. ఆర్‌సెటి అంటారు, పూర్తి పేరు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. బ్యాంకులు జిల్లాల వారీగా వీటిని నడుపుతాయి, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ అండ ఉంటుంది. 1982లో కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో మొదలుపెట్టిన రుడ్‌సెటిని చూసి దేశమంతా పెట్టారు. మన వైపు హసన్‌పర్తిలో స్టేట్ బ్యాంకు వాళ్లది ఉంది. శిక్షణకి ఫీజు లేదు, భోజనానికి లేదు, దూరం నుంచి వచ్చేవాళ్లు అక్కడే ఉండొచ్చు, దానికీ లేదు. కుట్టుపని, బ్యూటీ పార్లర్, మొబైల్ రిపేరు, ఫోటోగ్రఫీ, పాడి పశువులు, ఇలా ఎన్నో కోర్సులు. తిండి పదార్థాల వైపు అయితే అప్పడాలు, పచ్చళ్లు, మసాలా పొడుల తయారీ అని 10 రోజుల కోర్సు ఉంటుంది, కుట్టుపని లాంటివి నెల రోజుల దాకా సాగుతాయి.

ఉచితం అనగానే మనకి ఒక అనుమానం ఉంటుంది కదా, ఏదో నాలుగు మాటలు చెప్పి ఫోటో దిగి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపుతారని. అలా కాదు. పచ్చడి పెట్టడం, పొడి కొట్టడం మన ఇళ్లల్లో అందరికీ వచ్చు, దానికోసం అక్కడికి వెళ్లక్కర్లేదు. వెళ్లాల్సింది లెక్క కోసం. ఒక రోజు మొత్తం ధర కట్టడం మీదే నడిచింది. కిలో సరుకు తయారవ్వడానికి ఎంత ఖర్చయిందో ఎవరికి వాళ్లు కాగితం మీద రాయమన్నారు. మా బ్యాచ్‌లో పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అక్క మామిడి పచ్చడి లెక్క బోర్డు మీద రాసింది: కాయలు, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, సీసా. మేడం ఆ లెక్క చూసి, అమ్మా, గ్యాస్ ఏది, ఆటో ఛార్జీ ఏది, పగిలిన సీసాలు ఏవి, అన్నిటికన్నా ముందు నీ కూలి ఏది అని అడిగారు. ఒక్కోటి కలుపుతూ పోతే చివరికి ఆ అక్క అమ్ముతున్న ధర కంటే ఖర్చే ఎక్కువ తేలింది. క్లాసంతా నిశ్శబ్దం. ఎందుకంటే అక్కడున్న ఆడవాళ్లలో చాలామంది సొంత కూలి వేసుకోవడం అనే అలవాటే లేనివాళ్లు, ఇంట్లో పనే కదా, దానికి పైసలేంది అనుకునేవాళ్లు. ఆ ఒక్క రోజు క్లాసు కోసమైనా అక్కడికి వెళ్లొచ్చు అంటాను నేను.

బ్యాంకుకి వెళ్తే ఎలా మాట్లాడాలి, ప్రాజెక్టు రిపోర్టులో ఏమేం ఉంటాయి, రోజువారీ పుస్తకం ఎలా రాయాలి, ఇవన్నీ చెప్తారు. శిక్షణ అయిపోయాక రెండేళ్ల దాకా ఫాలోఅప్ అనేది ఆర్‌సెటి పద్ధతిలోనే ఉంది, వ్యాపారం పెట్టారా, లోను వచ్చిందా, ఎక్కడ ఆగింది అని అడుగుతారు. నాకు ఫోన్లు వచ్చాయి, ఒకసారి నేనే ఫోన్ చేసి బ్యాంకు వాళ్లు అడిగిన ఒక కాగితం గురించి అడిగితే ఓపికగా చెప్పారు.

తక్కువ ఎక్కడంటే, సిలబస్ దేశమంతటికీ ఒకటే. అప్పడాలు ఉంటాయి కానీ సకినాలు ఉండవు, సర్వపిండి ఉండదు. అంతకంటే ముఖ్యం, తయారీకి ఇచ్చినంత టైం అమ్మకానికి ఇవ్వరు. దుకాణదారుడు ఎంత మార్జిన్ అడుగుతాడు, అరువు ఎన్ని రోజులు ఇవ్వాలి, అమ్ముడుపోని ప్యాకెట్లు వెనక్కి తీసుకోవాలా వద్దా, ఇవి ఇంకో రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతులు. ఈ మార్పు వస్తే నేను ఐదుకి ఐదు ఇస్తాను, ఇప్పటికి నాలుగున్నర.

పల్లెల్లో ఉండి ఇంకా వ్యవసాయానికి దగ్గరి పని చేసేవాళ్లకి మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. చిరుధాన్యాలు, కూరగాయలు ఎండబెట్టి అమ్మడం లాంటి వాటికి అక్కడ అడగండి. నా పని వేరు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

ఇక కాగితాలు. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే మనది చిన్న పరిశ్రమ అని సర్కారు దగ్గర పేరు రాయించుకోవడం, దాని గురించి గట్టిగా చెప్పాల్సిందే. 2020 జూలై 1 నుంచి నడుస్తోంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, సర్కారు సైట్‌లో మనమే నింపుకోవచ్చు, ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు, ఏటేటా రెన్యువల్ కూడా లేదు. అయినా మా బ్యాచ్‌లో ఒక చెల్లె దగ్గర ఒక ఏజెంటు రెండున్నర వేలు తీసుకున్నాడు, పైగా ఏడాది తర్వాత ఫోన్ చేసి రెన్యువల్ చేయించాలి అని ఇంకో పదిహేను వందలు అడిగాడు. ఆ పిల్ల కుట్టుమిషను మీద ఎన్ని జాకెట్లు కుడితే నాలుగు వేలు మిగులుతాయి చెప్పండి. ఇంటర్నెట్‌లో ఉద్యం అని కొడితే ముందు వచ్చేవాటిలో ఇలాంటి ప్రైవేటు సైట్లు ఉంటాయి, చూడటానికి అచ్చం సర్కారు సైటులాగే ఉంటాయి. చివరన డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడ ఆధార్ నంబరు కొట్టకండి. మీకు రాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి.

ఈ కాగితం ఉంటే ఏమొస్తుంది అని అడిగేవాళ్లకి: బ్యాంకులో మీ లోను చిన్న పరిశ్రమల కింద లెక్కకొస్తుంది, డబ్బు ఆలస్యం చేసేవాళ్ల మీద ఫిర్యాదు చేసే హక్కు వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ పరిశ్రమ అంటే పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, టర్నోవర్ 10 కోట్ల లోపు, అంటే మనలాంటి వాళ్లందరం అందులోనే ఉంటాం.

తిండి అమ్మేవాళ్లకి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్నవాళ్లకి ఏడాదికి 100 రూపాయలే. 14 అంకెల నంబరు వస్తుంది, అది ప్యాకెట్ మీద ఉండాలి. నా మొదటి లేబుల్ హనుమకొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో వేయించాను, ఆ అన్న మంచివాడు, తెలిసినవాడు, వేసే ముందు తనే అడిగి అన్నీ పెట్టించాడు: సరుకు పేరు, ఏమేం కలిపామో వరుసగా, నికర బరువు, ఎమ్మార్పీ, తయారు చేసిన తేదీ, ఎన్నాళ్లలోపు తినాలి, మన చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, శాకాహారం అని పచ్చ చుక్క. నువ్వులు పడనివాళ్లు ఉంటారు, అది కూడా విడిగా రాయమని చెప్పాడు. మన దగ్గర ఇంటి సరుకు అని తెల్ల కవర్లో పోసి కొవ్వొత్తితో అంటించి అమ్మే రోజులు పోయాయి, పెద్ద దుకాణాల వాళ్లు లేబుల్ చూడకుండా ర్యాక్‌లో పెట్టనివ్వరు. ఆ లేబుల్ వచ్చాకే నాకు సుబేదారి, నక్కలగుట్ట వైపు దుకాణాల్లో చోటు దొరికింది.

ఇప్పుడు అందరూ అడిగే లోను, సబ్సిడీ సంగతి. నేను పెట్టుకున్నది పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. ఖాదీ కమిషన్ సైట్‌లో దరఖాస్తు పెట్టాలి, మన వైపు జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా పోతే సులువు. నేను పెట్టిన నాటి లెక్క ప్రకారం పల్లెలో యూనిట్ పెట్టే ఆడవాళ్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. టౌన్‌లో అయితే సబ్సిడీ 25. జనరల్ కేటగిరీ మగవాళ్లకి పల్లెలో 25, టౌన్‌లో 15, సొంత వాటా 10. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వాళ్లకి కూడా ఆడవాళ్లతో సమానమే. తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సేవల వ్యాపారానికి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. కొత్త యూనిట్‌కే ఇస్తారు, ఇప్పటికే నడుస్తున్నదానికి ఇవ్వరు. మొగుడూపెళ్లాల్లో ఒక్కరికే. పోయే ముందు ఇప్పటి నిబంధనలు ఒకసారి ఆఫీసులో కనుక్కోండి, ఇవి అప్పుడప్పుడు మారుతుంటాయి.

చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. సబ్సిడీ మన అకౌంట్లో పడి మనం డ్రా చేసుకునేది కాదు. బ్యాంకు పూర్తి లోను ఇస్తుంది, సబ్సిడీ సొమ్ము మన పేరు మీద డిపాజిట్‌లాగా బ్యాంకులోనే మూడేళ్లు ఉంటుంది, దాని మీద మనకి వడ్డీ రాదు, అంత మేరకు లోను మీద మన దగ్గర వడ్డీ తీసుకోరు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తుందో లేదో వచ్చి చూసుకుని, నడుస్తుంటే అప్పుడు లోనులో జమ చేస్తారు. మధ్యలో మూసేస్తే అది పోయినట్టే. ఈ పద్ధతి మంచిదే అని నా అభిప్రాయం, సబ్సిడీ కోసమే షెడ్డు వేసి తర్వాత తాళం పెట్టేవాళ్లని ఇది ఆపుతుంది. కానీ సబ్సిడీ వస్తుంది కదా, దాంతో బిడ్డ పెళ్లి అప్పు తీర్చుకుందాం అనుకుని దిగేవాళ్లకి ముందే ఎవరైనా చెప్పాలి. మా ఊళ్లో అలా ఆశపడి దిగినవాళ్లు ఉన్నారు, వాళ్ల టెన్షన్ చూశాను.

బ్యాంకు దగ్గర నాకు నరకం కనిపించింది. పరిశ్రమల కేంద్రంలో మార్కులు వేసి ఫైలు బ్యాంకుకి పంపాక అసలు కథ మొదలైంది. ఒక బ్యాంకు బ్రాంచికి వెళ్తే, మేనేజర్ సార్ ఫైలు తెరిచి, మిషనరీ కొటేషన్లు ఇంత తక్కువ ఉన్నాయేంటమ్మా, కూలీలకి ఇంత రాశావేంటి, ఇది ప్రాజెక్టులాగా లేదు అన్నారు. సకినాలు చేతితోనే చుట్టాలి సార్ అని చెప్తే నవ్వారు. ఆ తర్వాత భూమి కాగితాలు తెమ్మన్నారు. అప్పట్లో 10 లక్షల లోపు లోనుకి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉండేది, ఆ సంగతి శిక్షణలో చెప్పారు కాబట్టి నేను మర్యాదగానే అడిగాను, సార్, ఈ నిబంధన మీకు వర్తించదా అని. తర్వాత రండి అన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా ఆ తర్వాత రండి అనే మాటే. చివరికి పరిశ్రమల కేంద్రంలో మేడంని కలిసి బ్యాంకు మార్పించుకున్నాను, రెండో చోట ఫీల్డ్ ఆఫీసర్ ఒక అబ్బాయి స్వయంగా మా ఊరొచ్చి, చుట్టే దగ్గర కాసేపు నిలబడి చూసి, మీ వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకుకి, కూలికి తిప్పుకునే డబ్బు, ఇంకొంచెం పెంచి రాయాలి మేడం అన్నాడు. అదే పథకం, అదే ఫైలు, బ్యాంకు మాత్రం వేరు. మీకు కూడా ఒక చోట అడ్డు పడితే పథకం మంచిది కాదనుకుని వదిలేయకండి, పోయి బ్యాంకు మార్చమని అడగండి.

ఇప్పటికే నడుస్తున్న తిండి యూనిట్ ఉన్నవాళ్లకి పీఎంఎఫ్ఎంఈ అనే ఇంకో పథకం ఉంది, 2020లో మొదలైంది, 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి. నేను చెప్పిన పరకాల అక్క దీని కిందే పోయింది. ఇందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. జిల్లాకి రిసోర్స్ పర్సన్లు అని పెడతారు, ప్రాజెక్టు రిపోర్టు రాయడం, బ్యాంకుతో మాట్లాడటం, లైసెన్సులు తీయించడం వాళ్ల పని. ఒక్కో లోను మంజూరైతే వాళ్లకి సర్కారే 20 వేలు ఇస్తుంది. అంటే మనం వాళ్లకి ఏమీ ఇవ్వక్కర్లేదు. బయట కన్సల్టెంట్లు ఒక్క రిపోర్టుకే వేలు గుంజుతుంటే ఇది ఉచితంగా ఉందని ఎవరికీ తెలియదు. డ్వాక్రా సంఘంలో ఉండి పిండివంటలు, పచ్చళ్లు చేసే ఆడవాళ్లకి అయితే అదే పథకంలో సీడ్ క్యాపిటల్, అంటే మొదటి పెట్టుబడి అని మనిషికి 40 వేల దాకా సంఘం ద్వారా వచ్చే దారి ఉంది, మీ సంఘాల్ని చూసుకునే సీసీ మేడంని అడిగి చూడండి.

జీఎస్టీ గురించి కొంచెం. సరుకు అమ్మేవాళ్లకి చాలా రాష్ట్రాల్లో 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మన తెలంగాణలో మాత్రం హద్దు 20 లక్షలే. ఫోన్‌లో వేరే రాష్ట్రం వాళ్ల వీడియోలు చూసి ఆ 40 లక్షల మాట నమ్మకండి. ఇంకోటి, రాష్ట్రం దాటించి సరుకు అమ్మాలంటే టర్నోవర్ ఎంత ఉన్నా రిజిస్ట్రేషన్ కావాలి. మనవాళ్లు భీవండిలో, సూరత్‌లో, ముంబయిలో ఎంతమంది ఉన్నారు! మగ్గాల పని మీద పోయి అక్కడే స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు సంక్రాంతి వస్తే సకినాలు పంపించమని అడుగుతాయి, ఆ గిరాకీ కోసమే నేను జీఎస్టీ నంబరు తీసుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్ నమ్కీన్, అంటే మన కారపు పిండివంటల లాంటి వాటి మీద పన్ను 12 శాతం నుంచి 5కి దిగింది, మాలాంటి వాళ్లకి ఇది పెద్ద ఊరట. హైదరాబాద్ ఆర్డర్లకి మాత్రం కొరియర్ కంటే ఆర్టీసీ కార్గోనే నయం అనిపించింది, హనుమకొండ బస్టాండ్‌లో పొద్దున ఇస్తే సాయంత్రానికి అక్కడ ఉంటుంది.

డబ్బు రాబట్టుకోవడం ఎవరూ చెప్పని విద్య. ఒక దుకాణం నా దగ్గర సరుకు తీసుకుని నాలుగు నెలలు బిల్లు కట్టలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా వచ్చే వారం అక్కా అనడమే. చట్టం ఏం చెప్తుందంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న యూనిట్ దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు రాతలో ఒప్పందం ఉంటే ఆ గడువులోపల, అదీ 45 రోజులు మించకుండా కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. దీనికి సమాధాన్ అని ఫిర్యాదు చేసే ఆన్‌లైన్ దారి 2017లో వచ్చింది. నేను ఫిర్యాదు దాకా పోలేదు, ఉద్యం సర్టిఫికెట్ జిరాక్సు, బిల్లుల జిరాక్సులు, పైన ఈ 45 రోజుల నిబంధన గురించి ఒక పేరా రాసిన ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. పదిహేను రోజుల్లో అసలు వచ్చింది, వడ్డీ నేను అడగలేదు. అయితే ఇది తయారు చేసేవాళ్లకి, సేవలు ఇచ్చేవాళ్లకి వర్తిస్తుంది. కొని అమ్మే దుకాణాలకి ఉద్యం ఉన్నా ఈ 45 రోజుల రక్షణ లేదు, వాళ్లకి బ్యాంకు లోను వరకే. వ్యాపారం చేసే అన్నలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మనుషుల సంగతికి వస్తాను, నాకు ఇదే అన్నిటికన్నా విలువైనది. శిక్షణ అయ్యాక మా బ్యాచ్ వాళ్లం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మామూలుగా ఇలాంటి గ్రూపులు నెల తిరిగేసరికి గుడ్ మార్నింగ్ ఫోటోలతో నిండిపోతాయి. మాది అలా కాకుండా ఒక వదిన పట్టుబట్టింది, ఇందులో ధర, సరుకు, ఆర్డరు, ఈ మూడు తప్ప వేరే పెట్టొద్దని. అందుకే ఇప్పటికీ పనికొస్తోంది. నూనె డబ్బాలు, నువ్వులు కలిపి కొంటాం. కరప్పొడికి మిర్చి ఎనుమాముల మార్కెట్ నుంచి సీజన్‌లో ఒక్కసారే తెస్తాం, ఎవరికి ఎన్ని కిలోలు కావాలో ముందే రాసుకుని. 2025లో జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతం ప్రత్యేక సరుకు అనే గుర్తింపు వచ్చిన చపాటా మిర్చి ఉంది కదా, ఎరుపు ఎక్కువ, కారం తక్కువ, పొడికి దాన్ని కలిపితే రంగు ఎలా వస్తుందో చెప్పింది కూడా గ్రూపులో ఇంకో అక్కే, వాళ్లది దుగ్గొండి వైపు, ఇంట్లో పండిస్తారు. సంక్రాంతి ముందు నాకు ఆర్డర్లు పట్టనన్ని వస్తాయి, అప్పుడు వాటిని గ్రూపులో పెడతాను, చేయగలిగినవాళ్లు చేస్తారు, కొలత, నూనె ఒకటే ఉండాలని ముందే మాట అనుకుంటాం. కొత్తవాడలో జంపఖానాలు నేసే కుటుంబం నుంచి వచ్చిన ఒక చెల్లె కూడా గ్రూపులో ఉంది. 2018లో వరంగల్ జంపఖానాలకి జీఐ వచ్చినా కొనేవాళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? మా స్టాల్‌లో మా ప్యాకెట్ల కింద పరిచేది వాళ్ల జంపఖానానే, ప్యాకెట్ కొనడానికి వచ్చినవాళ్లు అది ఎక్కడ దొరుకుతుంది అని అడిగి నంబరు తీసుకుని పోయారు.

స్టాళ్ల గురించి కూడా చెప్తాను. స్వయం సహాయక సంఘాల సరస్ మేళాలు, హైదరాబాద్ శిల్పారామంలో మహిళా సంఘాలకి ఇచ్చే స్టాళ్లు, వీటికి సంఘాల్ని చూసే సర్కారు సంస్థలు, పల్లెల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా, వాటి ద్వారా పేరు ఇవ్వాలి. పోతే కేవలం ఆ రోజు అమ్మకం చూసుకుని లెక్క వేయకండి. ప్యాకెట్ తిరగేసి లేబుల్ చదివేవాళ్లు, విజిటింగ్ కార్డు అడిగేవాళ్లు తర్వాత ఫోన్ చేస్తారు, నాకు ఏడాదంతా నిలిచిన రెండు పెద్ద ఆర్డర్లు అలా వచ్చినవే.

కానీ ఒక బాధ ఉంది. పెద్ద వ్యాపారులకి వరంగల్‌లో ఛాంబర్ అని వాళ్ల సంఘం ఉంది, ఆడవాళ్ల వ్యాపారాలకి 1993 నుంచి పనిచేస్తున్న ఎలీప్, 2018లో పెట్టిన వీ హబ్ ఉన్నాయి, మంచి సంస్థలే, కానీ ఆ రెండూ హైదరాబాద్‌లో. ఒక మీటింగుకి పోయి రావాలంటే నాకు ఒక రోజు పని పోతుంది, ఐదుగురికి ఆ రోజు కూలి పోతుంది. గీసుకొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు గురించి, మడికొండ ఐటీ కంపెనీల గురించి పేపర్లో పేజీలకి పేజీలు వస్తాయి, అవి రావాలి కూడా, మన పిల్లలకి ఉద్యోగాలు కావాలి. కానీ ఉచిత శిక్షణ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో, మేళాలో స్టాల్‌కి ఆఖరు తేదీ ఎప్పుడో, అది జిల్లా ఎడిషన్‌లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తుంది, చాలాసార్లు మనం చూసేసరికి తేదీ దాటిపోయి ఉంటుంది. హనుమకొండలో నెలకి ఒక్క రోజు, ఒక్క హాలు, తయారుచేసేవాళ్లు, దుకాణాల వాళ్లు, బ్యాంకు వాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఉంటే చాలు. దానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు, కుర్చీలు, చాయ్ ఖర్చు మాత్రమే. మా గ్రూపు వాళ్లం కలిసి ఈ సంగతి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇద్దామని రాసిపెట్టుకున్నాం, ఇంకెవరైనా సంతకం పెట్టేవాళ్లు ఉంటే కలవండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ వరుసలో పోవాలి అని అడిగితే నా మాట ఇది: మొదట శిక్షణ, తర్వాత ఉద్యం, ఫుడ్ సేఫ్టీ, లేబుల్, ఆ తర్వాత ఓ ఆరు నెలలు చిన్నగా అమ్మి పుస్తకం రాయండి, ఇంటి దగ్గర చిన్నగా చేసే అమ్మకాన్ని నడుస్తున్న యూనిట్ కింద లెక్కేస్తారా లేదా అని మాత్రం పరిశ్రమల కేంద్రంలో ముందే అడిగి పెట్టుకోండి, ఎందుకంటే ఏ పథకం కింద పోవాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. పుస్తకం చేతిలో ఉంటే బ్యాంకులో మాట తీరే మారుతుంది. పిండివంటల వాళ్లయితే దసరా నుంచి సంక్రాంతి దాకా ఊపిరి ఆడదు కాబట్టి శిక్షణకి ఎండాకాలంలో పోండి. ఆధార్, రేషన్ కార్డు, చదువు సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు రెండేసి, పాస్‌పోర్టు సైజు ఫోటోలు పట్టుకెళ్లండి, ముందు రోజు ఫోన్ చేసి బ్యాచ్‌లో ఖాళీ ఉందో లేదో కనుక్కుని మరీ బస్సెక్కండి.